చల్లగాలి పైపు

మా బావ బండికి ఆ పైపు ఎంచింది నేనే. మళ్ళ అడిగినా గదే ఎంచుత. ఈ ముచ్చట ఇనంగనే కొందరు నా మొఖం దిక్కు చూసి, "బాధ లేదా గ్రేసూ నీకు?" అంటరు. పాస్టరమ్మ కూడ అడిగింది. లేదమ్మా అన్న. ఉంటే చెప్పకపోదునా? నాకు నోట్లె ఏది ఆగదని ఊరందరికీ ఎరుకనే.

మాది ములకలపల్లి. రోడ్డు మీద మెకానిక్ షెడ్డు, షెడ్డెనక ఇల్లు. ఆ ఇంట్ల ఇద్దరన్నదమ్ములు. పెద్దోడు సంసోను, చిన్నోడు జస్టిన్. జస్టిన్ నా మొగుడు. సంసోను మా అక్క లిదియా మొగుడు. అక్కచెల్లెండ్లను అన్నదమ్ములకిస్తే ఒకలికొకలు తోడుంటరు, యారాండ్ల కొట్లాటలుండవని మా అమ్మ లెక్క. ఒకటే పందిరి, ఒకటే పాస్టరు, ఒకటే బువ్వ. తోడబుట్టిన అక్కనే నాకు యారాలయింది, ఇంకేం గావాలె అనుకున్నం.

అమ్మ ఒక్కటి మరిచింది. వేరే ఇంట్ల అయితే అక్కను మొగుడు కొడితే చెల్లె మొగుడు పోయి, ఏందన్నా ఈ పద్ధతి అని అడుగుతడు. మా ఇంట్ల అడగాల్సినోడు కొట్టెటోని తమ్ముడాయె. మామ పోయినంక జస్టిన్‌ను సాకింది సంసోను. పానా పట్టుడు నేర్పింది సంసోను. అన్న ముంగట తమ్ముడు నోరు తెరిచుడు ఆ ఇంట్ల లేదు. అక్కా నేనూ ఒకటే గోడకు రెండు దిక్కుల తల ఆనిచ్చినట్టయింది.

బావ చెయ్యి లేపంగనే మా అత్త పాటల పుస్తకం తీస్తది. గొంతెత్తి దేవుని పాట అందుకుంటది. రోడ్డు మీద పోయెటోళ్ళు, ఈ ముసలామె భక్తి చూడుండ్రి అనుకోవాలె. అత్త పాట ఎంత గట్టిగుంటే లోపల దెబ్బ అంత గట్టిగ పడుతున్నట్టు. ఇప్పటికీ చర్చిల ఆ పాటలు మొదలువెడితే నా ఈపు మీద రోమాలు లేస్తయి.

అక్క పారిపోలేదా అంటరేమో. పోయింది. ఒకసారి కాదు. మా తల్లిగారి ఊరు అడవి అంచుకు, వాగు అవతల. నడిచి పోతే సగం తొవ్వల, ఆటోల పోతే వాగు కాడ, బావ తెల్ల కారేసుకొని వచ్చి పట్టుకునేటోడు. జుట్టు పట్టి ఎనక సీట్ల ఏసుకొని తెచ్చేటోడు. వాగు మీద వంతెన లేదు, నీళ్ళు మీదికెల్లి పొయ్యే చప్టా ఉన్నది. చప్టా అంచులకు సున్నం కొట్టిన రాళ్ళు పాతి ఉంటయి. మా దిక్కు అందరి లెక్క ఒకటే: వాగొచ్చినప్పుడు రాయి నెత్తి కనవడితే పెద్ద బండి పోతది, నెత్తి మునిగితే ఎవ్వలూ దిగొద్దు. బావ ఆ లెక్క మీదనే ఎన్ని వానకాలాలు దాటిండో. వాగవతల ఇల్లుంటే ఏంది, లేకుంటే ఏంది మా అక్కకు.

ఆ ఎండకాలం ఎలక్షన్లొచ్చినయి. బావ ఒక లీడరు ఎనక తిరిగిండు. పది పదిహేను బండ్లు ఒకదానెంబడి ఒకటి పోతుంటే మా బావ తెల్ల కారు అడవి రోడ్డు ఎత్తు మీద ఎనకపడ్డదంట. కొత్త బండ్లోళ్ళు హారన్లు కొట్టుకుంట దాటిపోయిండ్రంట. పొద్దుగూకంగ అందరి ముంగట లీడరు డ్రైవరు, "ఏం సంసోనూ, నీ బండికి దమ్మొస్తున్నదా?" అన్నడంట.

ఆ కోపమంతా మూట కట్టుకొని ఇంటికొచ్చిండు. అక్క వాకిట్ల బండి అద్దాలు తుడుస్తున్నది, వచ్చిన బండి వచ్చినట్టు తుడిచి పెట్టాలె, అది ఆమె పని. బావ చెప్పుకుంట పోతున్నడు, వాడు గిట్లన్నడు, వీడు గట్ల నవ్విండు అని. అక్క తుడుచుకుంటనే, "పాత బండాయె, నిమ్మలంగ పోతే ఏమైతది తియ్యి" అన్నది. గంతే. చెయ్యి తలుపు సందుల ఉంది. బావ తలుపేసిండు.

ఆ సప్పుడు నేను షెడ్డుల నుంచి ఇన్న. తలుపు సప్పుడు వేరు, ఆ సప్పుడు వేరు. నేనురికొచ్చేసరికి మళ్ళ తెరిచి మళ్ళ ఏస్తున్నడు. లోపల అత్త పాట అందుకుంది. నేను చేతుల ఉన్న పానా ఇసిరేసిన. బావకు చెవి పక్క నుంచి పోయి అద్దానికి తగిలింది. అద్దం పగిలినందుకు నన్ను జుట్టు పట్టి నేలకు కొట్టిండు. జస్టిన్ వచ్చిండు. వచ్చి నన్ను లేపిండు, అన్నను ఒక్క మాట అనలే. నా నోట్లె మట్టి. ఆ మట్టి మొగుని ముంగట ఉమ్మేసిన.

తెల్లారి నలుగురం ఖమ్మం పోయినం దవాఖానకు, అదే బండ్ల. అక్క చెయ్యి మోచేతి కింద రెండు తావుల ఇరిగిందన్నడు డాక్టరు. ఎట్ల ఇరిగిందమ్మా అని అడిగితే, "కారు తలుపుల పడ్డది సారూ" అన్నది అక్క. అబద్ధం కాదు గదా. సిమెంటు కట్టు కట్టి, ఆరేదాక కూసోమన్నరు. బావకు కూసునుడెక్కడిది? "అది ఆరేలోపట మన పని సూసుకుందం పాండ్రి" అని మమ్మల్ని లేపిండు. అక్కను బల్ల మీద వదిలేసి బండి సామాన్ల దుకాణానికి తోలుకపోయిండు. పెండ్లాం చెయ్యిరిగిన మర్నాడు మొగోడు బండికి దమ్ము కొనడానికి పోతుండు. ఆ పొద్దు దేవుడు ఎటు దిక్కు చూస్తుండెనో నాకు తెల్వది.

దుకాణం భాయ్ మంచోడు, ఓపిక మనిషి. ఇంజన్‌కు గాలి తీసే సామాను మూడు రకాలు తెచ్చి బల్ల మీద పెట్టిండు.

"ఇంజన్‌కు చల్లగాలి గావాలె అన్నా," అన్నడు. "చల్లగాలి చిక్కగుంటది. చిక్కటి గాలి పోతే డీజిల్ మంచిగ మండుతది, పికప్ వస్తది. ఇగో ఇది పొట్టిది. సప్పుడు జబర్దస్త్ ఉంటది, కానీ ఇంజన్ పక్కనే ఉండి దాని వేడిగాలి అదే తాగుతది. మీ కొత్తగూడెం దిక్కు ఎండలకు దండగ."

"మరి ఇది?" అన్నడు బావ.

"ఇది మూత డబ్బా. కంపెనీ డబ్బా ఉన్న జాగల్నే కూసుంటది. లైటెనక నుంచి పైగాలి తీసుకుంటది. పికప్ కొద్దిగనే పెరుగుతది, కానీ ఫికర్ లేదు. ఇగ మూడోది పొడుగు పైపు. దీని మూతి బంపరెనక, కింద ఉంటది. ఇంజన్ వేడి అంటదు. చల్లటి గాలంటే గిదే అన్నా. రేసోళ్ళంత గిదే ఏస్తరు."

బావ జస్టిన్ దిక్కు తిరిగిండు. "ఏదిరా?"

జస్టిన్ మూడూ తిప్పి తిప్పి చూసి మూత డబ్బా మీద చెయ్యేసిండు. "గిది మేలన్నా. వాగులున్న ఊర్లు మనయి. మూతి కిందుంటే..."

మాట పూర్తి గాకముందే చెంప మీద పడ్డది. దుకాణమంతా మా దిక్కు చూసింది. "నిన్ను పికప్ అడిగిన, వాగు అడగలే," అన్నడు బావ. జస్టిన్ చెంప పట్టుకోలే. నేల మీద పడ్డ టోపీ తీసి దులిపి పెట్టుకున్నడు. తలుపెత్తున్న మనిషి, దుకాణంల అందరి కంటే పొట్టిగ కనవడ్డడు నాకు.

నాకు వాగు యాదికొచ్చింది గప్పుడు. చుక్క నీళ్ళు లేవు వాగుల, ఇసుకల కుక్కలు పండుకుంటున్నయి. కానీ మిరుగు కార్తె వాన రాకుంట ఉంటదా? పెండ్లైనకాంచి షెడ్డుల పానాలందిచ్చేది నేను. గాలి తాగే మూతి నీళ్ళు తాగితే ఏమైతదో నాకెరుకే. గాలిని ఇంజన్ నలుపుతది, నీళ్ళు నలగవు. నలగకపోతే లోపలి రాడ్లు వంగుతయి, బండి ఉన్నకాడ్నే చస్తది.

"బావా," అన్న. "నీకు పికప్ గావాల్నా, గీయన భయం గావాల్నా? పొడుగు పైపు తీస్కో. చల్లటి గాలంటే గదే అని ఆయన చెప్తనే ఉన్నడు గదా."

బావ నవ్విండు. "చూసినవారా? ఆడదానికున్న దమ్ము నీకు లేదు. ఈ ఇంట్ల తెలివి గీ పిల్లకొక్కదానికే ఉంది."

జస్టిన్ నా దిక్కు చూసిండు. నేనూ చూసిన. ఆ చూపు నేను దించలే.

వచ్చేటప్పుడు ఎనక సీట్ల అక్క, నేను, మా మధ్యల అట్టపెట్టెల పైపు. కట్టు చేతిని ఒడిల పెట్టుకొని అక్క మెల్లగ అడిగింది, "ఏందే అది?"

"బండి చల్లగాలి పీల్చడానికక్కా."

"మనకేం దొరకదానే గట్లాంటిది?" అన్నది. అని నవ్వింది కూడ. నాకు నవ్వు రాలే.

పైపు ఏసిన దినం ఎండ మండుతున్నది. జస్టిన్ బంపరిప్పి, లోపలి ప్లాస్టికు కోసి తొవ్వ చేసిండు. నేను పానాలందిస్తున్న. పాత రబ్బరు గొట్టం, పాత డబ్బా ఇప్పి పక్కకేసిండు. పైపు మూతి బంపరెనక, చక్రం పక్కకొచ్చింది. జస్టిన్ కొద్దిసేపు దాన్నే చూసి, లేసి పోయి, గోడ మేకుకున్న ఒక రబ్బరు వంపు తెచ్చిండు. అది తగిలిస్తే మూతి పైకి తిరుగుతది, లైటెనకకొస్తది. కిందికెల్లి చూసెటోనికి తెల్వనే తెల్వదు. పికప్ కొద్దిగ తగ్గుతది గంతే. నా మొగుడు గిసొంటోడు, చెంప మీద దెబ్బ తిని కూడ అన్న బండి మునగొద్దని చూస్తడు. ఏమన్న అందామని నోరు తెరిచిన.

గప్పుడే అక్క చాయ తెచ్చింది. కుడిచెయ్యి కట్టుల ఉంది, ఎడమచేత్తో పట్టుకునుడు రాక చాయ ఒలికి వేళ్ళ మీద పడ్డది. "పట్టుకో జస్టినూ, కాలుతున్నది," అన్నది. కన్ను కింద కొత్తగ కమిలిన మచ్చ ఉంది. పొద్దుగాల లేకుండె అది.

జస్టిన్ చాయ అందుకున్నడు. తాగిండు. గ్లాసిచ్చి, రబ్బరు వంపు తీస్కపోయి మేకుకు తగిలేసిండు. వచ్చి పైపు బిగిచ్చిండు.

బండి చేతికిచ్చేటప్పుడు మాత్రం చెప్పిండు. అత్త ముంగట, అక్క ముంగట చెప్పిండు, "అన్నా, ఇగ దీన్ని నీళ్ళల దింపొద్దు. పాత లెక్క కాదు."

"వాగు నాకు చెప్తవారా? రాయి నెత్తి కనవడితే నా బండి పోతది. నువ్వు లాగులేసుకోనప్పటి సంది పోతున్న," అన్నడు బావ, యాక్సిలేటరు తొక్కి. బండి పులి లెక్క గుర్రుమన్నది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది ఇగ. ఊరంతా ఆ సప్పుడే. లీడరు బండ్లల్ల ముంగటికి పోయిండు. ఆ సంబరంలనన్న చెయ్యి కట్టేసుకుంటడేమో అనుకున్నం. కుక్క తోక వంకర పోతదా? గెలిచొచ్చిన దినం తాగి కొట్టిండు, గెలవని దినం తాగకనే కొట్టిండు. అక్క కట్టు ఇప్పిచ్చే గడువొచ్చింది. దవాఖానకు తీస్కపొమ్మంటే, "ఎలక్షన్లైనంక" అన్నడు.

ఎలక్షన్లైనయి. లీడరు ఓడిపోయిండు. మిరుగు కూడ వచ్చింది.

ఆ దినం పొద్దటి సంది వాన. దోస్తులతో తాగి తాగి మధ్యాహ్నం ఇంటికొచ్చిండు బావ. అక్క పొయ్యికాడ కూసుంది. ఏ మాటా లేదు, ఏ లొల్లీ లేదు. వాకిట్ల పడి ఉన్న పాత రబ్బరు గొట్టం, బండి నుంచి ఇప్పేసింది, గది పట్టుకొని వచ్చిండు. "నీ కాలు పెట్టినకాంచి నాకు ఓటమే," అని మొదలువెట్టిండు. వాతలు కాదు, తోలు లేసి వచ్చింది. అక్క అరుస్తలేదు. గదే నాకు భయమైంది. అత్త పాటందుకుంది. నేను పోయి మీద పడ్డ, నన్ను ఒక్క తన్ను తన్నిండు, పొయ్యి మీద గంజి గిన్నె నా కాళ్ళ మీద పడ్డది. బావ గొట్టం ఇసిరేసి రెండు చేతులతోని అక్క గొంతు పట్టిండు. ఎప్పుడూ గొంతు పట్టలేదు అంతకుముందు.

కట్టెల మోపులకెల్లి ఒక కట్టె గుంజి బావ మోకాలి ఎనక కొట్టిన. శక్తి కొద్ది కొట్టిన. కూలిండు. లేసేలోపట మళ్ళ కొట్టిన, నెత్తి మీద. రక్తం కారి కండ్లల్లకొచ్చింది, నేల మీద తడుముకుంటున్నడు.

గప్పుడు అత్త పాట ఆగింది. ఎన్నడూ నడుమ ఆపలే ఆమె. పుస్తకం మూసి, లేసొచ్చి, ఎనక తలుపు గొళ్ళెం తీసింది. "పోండ్రి," అన్నది. "మీ అమ్మ కాడికి పోండ్రి. ఇయ్యాల ఉంటే ఇది చస్తది."

ఆటో తోలే బిచ్యా రోడ్డు మూల మీద ఉంటడు. మా ఇద్దరిని, కాలిన నా కాళ్ళను చూసి ఎక్కుండ్రి అన్నడు. వానల ఆటో ఉరికిచ్చిండు. అక్క గొంతు మీద వేళ్ళ అచ్చులున్నయి, మింగనీకె వస్తలేదు. "ఇయ్యాల కూడ పట్టుకుంటడే," అంటున్నది. "పట్టుకుంటడే గ్రేసూ." నేను ఆమె చెయ్యి పట్టుకున్న. నాకు మొక్కుడు రాలే, తిట్టుడొచ్చింది. తొవ్వ పొడుగునా బావను ఏడు తరాలు తిట్టిన.

వాగొచ్చింది. ఎర్రటి నీళ్ళు, చప్టా మీదికెల్లి పోతున్నయి. సున్నం రాళ్ళ నెత్తులు మాత్రం కనవడుతున్నయి. "ఆటో పోదక్కా," అన్నడు బిచ్యా. దిగినం. చీరలు ఎగజెక్కి, రాళ్ళు పట్టుకుంట దిగినం. నీళ్ళు తొడల దాక. అక్క కట్టు చెయ్యి తడవద్దని నెత్తి మీదికెత్తి పట్టుకుంది. చావు నుంచి పారిపోతూ కట్టు తడుస్తదని చూసే మనిషిని ఏమనాలె? నడుమ కాడ కాలు జారింది నాకు. అక్క ఎడమచేత్తో నా జడ పట్టి గుంజింది. అవతలి గడ్డెక్కి కూలబడ్డం.

గుర్రుమన్న సప్పుడు వాన సప్పుడుల నుంచి ఇనవడ్డది. అక్క నా భుజంల మొఖం పెట్టింది.

తెల్ల కారు మా ఊరి దిక్కు గడ్డ మీద ఆగింది. బావ అద్దం దించి చూసిండు. మమ్మల్ని చూసిండు, రాళ్ళను చూసిండు. నెత్తులు కనవడుతున్నయి. బిచ్యా చేతులూపుకుంట అడ్డం పోతే ఆటోను గుద్దినంత పని చేసి దింపిండు. ఎన్ని వానకాలాలు దిగిండో అట్లనే దిగిండు. నీళ్ళు బంపరెక్కినయి. చప్టా నడుమకొచ్చింది బండి.

టక్కుమన్నది. గంతే. గుర్రు లేదు, పొగ లేదు. బావ మళ్ళ తాళం తిప్పిండు. లోపల ఇనుము ఇనుము తగిలిన సప్పుడొకటి వచ్చి అదీ ఆగింది. ఆ సప్పుడు నేను ఇన్న. చెవులార ఇన్న.

తలుపు తెరుచుకొని దిగిండు, చేతుల ఇనుప రాడు. నెత్తి నుంచి రక్తం, వాన నీళ్ళు కలిసి మొఖమంతా ఎర్రగ ఉన్నది. రాళ్ళు పట్టుకుంట మా దిక్కొస్తున్నడు. "లేవక్కా, ఉరుకు," అన్న. అక్క లేవలే. గడ్డెక్కంగనే నన్ను రాడుతో కొట్టిండు, భుజం మీద పడ్డది, చెయ్యి సచ్చువడ్డది. అక్క జుట్టు పట్టి నీళ్ళల్లకు గుంజిండు. "నడువు. బండ్ల కూసో. నూకు. నువ్వే నూకుతవు ఇయ్యాల," అంటున్నడు.

అక్క చెయ్యి లేపింది. కట్టు చెయ్యి. ఇన్ని ఏండ్లల్ల ఆమె చెయ్యి లేపుడు నేను చూళ్ళే. వాగుల తడవకుంట తెచ్చుకున్న ఆ సిమెంటు కట్టుతోని మూతి మీద కొట్టింది. పండ్లిరిగిన సప్పుడైంది. మళ్ళ కొట్టింది. కట్టు పగిలి పెచ్చులు లేసినయి, ఆమె చెయ్యి నొప్పికి ఆమెనే అరిచింది, అరుచుకుంటనే మూడోసారి కొట్టింది. బావ జుట్టిడిసిపెట్టి ఎల్లెలకల పడ్డడు నీళ్ళల్ల.

అంతలో వాగు బలమైంది. ఎగువన ఎక్కడ్నో గట్టిగ పడ్డట్టుంది వాన. బండి ఎనక భాగం లేసి పక్కకు జరిగింది. బావ చూసిండు. మమ్మల్నిద్దరినీ వదిలేసిండు ఇగ. "నా బండి," అనుకుంట నీళ్ళల్ల పడి లేసుకుంట పోయి, కింది దిక్కు నిలవడి, రెండు చేతులు పెట్టి ఆపబోయిండు. వాగుకు మనిషి బలమేం లెక్క? బండి వచ్చి బావ కాలును సున్నం రాయికి అదిమింది. ఆ కేక ఇంకా నా చెవుల్లనే ఉంది.

జస్టిన్ బైకు మీద మా ఊరి దిక్కు గడ్డకొచ్చిండు. నెత్తికి తువ్వాల కట్టుకున్నడు, తువ్వాల ఎర్రగ ఉన్నది. ఇంటికాడ బండికి అడ్డం నిలవడితే అన్న రాడుతో కొట్టిపోయిండని తర్వాత తెలిసింది నాకు. మొదటిసారి అడ్డం నిలవడ్డడన్నట్టు. చేతుల షెడ్డు తాడుంది. గడ్డ మీద నిలవడి వాగును చూసిండు, అన్నను చూసిండు, ఎదురు గడ్డ మీదున్న నన్ను చూసిండు. పొమ్మని నేను అనలే, వద్దనీ అనలే. ఆయన తాడొక కొస చెట్టుకు కట్టి, ఒక కొస నడుముకు కట్టుకొని దిగిండు. బిచ్యా తాడు పట్టిండు. బండి ఇంకొద్దిగ జరిగినప్పుడు అన్నను గుంజి గడ్డకేసిండు. బండి రాళ్ళు దాటి పోయింది. లైట్లు ఎలుగుతనే ఉన్నయి పోయేటప్పుడు.

బావ ఎడమ కాలు మోకాలి కింద తీసేసిండ్రు ఖమ్మంల. అక్క చెయ్యి మళ్ళ కట్టు కట్టాల్సొచ్చింది. ఈసారి డాక్టరు ఎట్ల ఇరిగిందని అడిగితే, "మొగుణ్ణి కొట్టిన సారూ" అన్నది. అమ్మ దగ్గర్నే ఉంటున్నది. చెయ్యి కొద్దిగ వంకర అతికింది, అయినా పత్తి ఏరనీకె పోతున్నది. పాస్టరు రెండుసార్లు పోయి క్షమించమ్మా అన్నడు. క్షమించిన, గానీ రాను అన్నదంట. నేను పోయినప్పుడల్ల అక్క గొంతు మీద చూస్త. అచ్చులు పోయినయి.

పత్తి ఏరే రోజుల్లనే ఒకనాడు మధ్యాహ్నం ఎవరిదో బండి నూనె మారుస్తున్నం షెడ్డుల. బావ కర్ర పట్టుకొని వచ్చి స్టూలు మీద కూసున్నడు. ఇప్పుడు రోజూ గట్లనే వస్తడు. ముందటి పండ్లు లేక మాట సగం గాలే.

"గ్రేసూ," అన్నడు. "చాన్రోజుల నుంచి అడుగుదామనుకుంటున్న. ఆ దినం మూత డబ్బా తీసుకుంటే బండి ఆగకపోను గదా?"

"ఆగకపోను," అన్న.

"మరి నువ్వు పొడుగు పైపన్నవు."

"అవ్. ఆగాల్ననే అన్న."

కర్ర మీద వేళ్ళు బిగిసినయి. జస్టిన్ బండి కిందికెల్లి బయటికొచ్చిండు. చేతులు తుడుచుకొని, గోడ మేకుకున్న రబ్బరు వంపు తీసి తెచ్చి అన్న ఒడిల పెట్టిండు.

"ఇది తగిలిచ్చినా ఆగకపోను," అన్నడు. "చేతుల పట్టుకున్న. తగిలియ్యలే."

బావ ఆ వంపును చూసిండు. తమ్ముణ్ణి చూసిండు. కర్ర లేపిండు. ఇంట్ల అత్త కిటికీకాడికొచ్చి నిలవడ్డది, పాట అందుకోలే. మేమిద్దరం పక్కకు జరగలే. కర్ర అట్లనే కొంతసేపు గాలిల ఉండి, ఉండి, కిందికి దిగింది.

"పన్నెండు నంబరు పానా ఇయ్యి," అన్నడు జస్టిన్. ఇచ్చిన.